ఓపెన్ చిప్‌లో తెరిచి ఉన్నదెంత?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం రిస్క్-ఫైవ్ బోర్డు కొందామనుకుంటున్నాం. ‘పూర్తిగా ఓపెన్ చిప్’ అని అమ్మేవాళ్లు అంటున్నారు. డిజైన్ మొత్తం చూడొచ్చా? – పాలిటెక్నిక్ విద్యార్థి, నల్లగొండ

జవాబు: ఆ ఒక్క మాట నమ్మి డబ్బు పెట్టకండి. 2010లో బర్కిలీలో మొదలైన రిస్క్-ఫైవ్ చిప్ కాదు, ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల పట్టిక. ఓనమాలు అందరివీ, వాటితో రాసిన పుస్తకం మీద హక్కు రాసినవాళ్లది. పట్టికకు రాయల్టీ లేదు గానీ, దాన్ని బట్టి చేసిన కోర్‌ను (ఆదేశాలు నడిపే అసలు భాగం డిజైన్‌ను) కంపెనీ దాచుకోవచ్చు. విజన్‌ఫైవ్ 2 బోర్డులో కోర్లు సైఫైవ్ వాళ్ల యూ74, గ్రాఫిక్స్ ఇమాజినేషన్ వాళ్లది. రెండింటి డిజైనూ బయటికి రాదు. ఈఎస్‌పీ32-సీ3 అనే రిస్క్-ఫైవ్ చిప్‌లో వైఫై నడిపే లైబ్రరీని బైనరీగానే, అంటే సోర్సు లేకుండా ఇస్తారు.

కొనేముందు ఇవి అడగండి: కోర్ వెరిలాగ్ (చిప్ డిజైన్ రాసే భాష) ఫైళ్లు ఎక్కడున్నాయి, ఏ లైసెన్సు మీద? మెమరీ కంట్రోలర్, యూఎస్‌బీ భాగాలవి కూడా ఇస్తారా? సర్క్యూట్ డయాగ్రం చూపిస్తే తెలిసేది బోర్డు సంగతే, చిప్ సంగతి కాదు.

ప్రశ్న: మరి ఐఐటీ మద్రాస్ వాళ్ల రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ శక్తి సంగతేమిటి? – లెక్చరర్, మహబూబ్‌నగర్

జవాబు: దాని సోర్సు ఎవరైనా వాడుకోగల బీఎస్‌డీ లైసెన్సు మీద ఉంది, పిల్లలకు ధైర్యంగా చూపించండి. అయితే అది బ్లూస్పెక్ అనే హార్డ్‌వేర్ భాషలో రాసింది. దాన్ని వెరిలాగ్‌గా మార్చే కంపైలర్ 2020లో గానీ ఓపెన్ కాలేదు. చిప్‌గా అచ్చు వేయాలంటే ఫ్యాబ్ (చిప్‌ల ఫ్యాక్టరీ) ప్రాసెస్ వివరాలు కావాలి, వాటిని మామూలుగా రహస్య ఒప్పందం మీదే ఇస్తారు. 2020లో గూగుల్, చిప్‌లు తయారుచేసే స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల ప్రాసెస్ వివరాలు బయటపెట్టాయి. పాత ప్రాసెసే, కానీ మైక్రోకంట్రోలర్ నేర్చుకోవడానికి బాగా సరిపోతుంది.

ప్రశ్న: ఐస్‌బ్రేకర్ అనే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) బోర్డులో పికోఎస్‌ఓసీ అనే ఓపెన్ రిస్క్-ఫైవ్ డిజైన్ నడిచింది. మా ప్రోగ్రాం ఎక్కించాక బోర్డు పలకడం లేదు. – దేవరకొండ

జవాబు: ఫ్లాష్‌లో రాసే సాధనం ఐస్‌ప్రోగ్‌తో ఎక్కించేటప్పుడు ఆఫ్‌సెట్ (ఎక్కడ మొదలవ్వాలో చెప్పే స్థానం) ఇచ్చి ఉండరు. ఫ్లాష్‌లో సున్నా నుంచి ఉండేది బిట్‌స్ట్రీమ్, అంటే ఎఫ్‌పీజీఏను ప్రాసెసర్‌గా మలిచే ఫైలు. మీ ప్రోగ్రాం 1 ఎంబీ దగ్గర మొదలవ్వాలి. ఆఫ్‌సెట్ లేకపోతే ప్రోగ్రాం బిట్‌స్ట్రీమ్ మీదే పడి దాన్ని చెరిపేస్తుంది. బోర్డు పాడవలేదు, కంగారు పడకండి. ముందు బిట్‌స్ట్రీమ్, తర్వాత 1 ఎంబీ ఆఫ్‌సెట్‌తో ప్రోగ్రాం మళ్లీ ఎక్కించండి. బిట్‌స్ట్రీమ్ సరిగా ఎక్కిందని చెప్పే సీడన్ పిన్ హై కాకపోతే తప్పు బిట్‌స్ట్రీమ్‌లోనే. అది హై అయినా సీరియల్‌లో చెత్త అక్షరాలు వస్తుంటే క్లాక్ డివైడర్ చూడండి: 12 మెగాహెర్ట్జ్ మీద 115200 బాడ్‌ (సీరియల్ వేగం) కు 104 ఉండాలి. క్లాక్‌ను 24కు పెంచితే 208.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పికోఎస్‌ఓసీ కోర్ ప్రతి లైనూ మీరు చదవొచ్చు, కానీ దాన్ని మోస్తున్న ఐస్40 ఎఫ్‌పీజీఏ మూసిన చిప్పే. దాని బిట్‌స్ట్రీమ్ తీరు కంపెనీ చెప్పలేదు. ఐస్‌స్టార్మ్ అనే ఓపెన్ ప్రాజెక్టు వాళ్లు బిట్టు బిట్టూ పరీక్షించి 2015లో బయటపెట్టారు.