బూస్ట్ గేజ్ కొనే ముందు

ప్రశ్న: ముప్పై ఏళ్ల నాటి టర్బో పెట్రోల్ కారును సొంతంగా బాగుచేసుకుంటూ నడుపుతున్నాను. దానికి బూస్ట్ గేజ్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని చూపే మీటరు) బిగించాలని ఉంది. గొట్టాన్ని ఎక్కడ కలపాలి? మెకానికల్ రకం మంచిదా, ఎలక్ట్రానిక్ రకమా? గేజ్ ఉంటే బూస్ట్ కొంత పెంచుకోవచ్చని మిత్రులు అంటున్నారు, నిజమేనా?

జవాబు: మీ మిత్రుల మాటతోనే మొదలుపెడతాను. గేజ్ ఒత్తిడిని చూపిస్తుందే తప్ప అదుపు చేయదు. ఆ పని వేస్ట్‌గేట్‌ది, అంటే టర్బోను తిప్పే పొగలో కొంత పక్కకు మళ్లించి బూస్ట్‌కు హద్దు పెట్టే వాల్వ్‌ది. దాన్ని కదిపి బూస్ట్ పెంచినప్పుడు, పెరిగిన గాలికి తగ్గ ఇంధనం అందకపోయినా, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరిపడకపోయినా నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలినట్లు మండటం) మొదలై పిస్టన్లు, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి. టర్బోతో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటైన 1962 నాటి ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్‌లో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు కుదించుకుపోతుందో చెప్పే అంకె) 10.25:1 అంత ఎక్కువగా ఉండటంతో, నాకింగ్ రాకుండా మిథనాల్, నీరు కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు చేశారు. ఆ ట్యాంకు నింపడం చాలామంది యజమానులు మరిచిపోయేవారు. చివరకు ఎన్నో కార్లకు టర్బోనే తీసేశారు. తయారీదారునే ఇన్ని తిప్పలు పెట్టిన పనిని గేజ్ ఉందన్న ధైర్యంతో చేయమని నేను చెప్పలేను.

పాత కారున్నవారికి ఈ గేజ్ ఎక్కువగా ఉపయోగపడేది సున్నాకు ఎడమ పక్కన, అంటే వాక్యూమ్ (బయటి గాలికంటే తక్కువ పీడనం) చూపే భాగంలో. కొనేటప్పుడు ఆ భాగం ఉన్న డయల్‌నే ఎంచుకోండి. సున్నా అంటే బయటి గాలి పీడనం. సముద్రమట్టం వద్ద అది సుమారు 1.01 బార్. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) థ్రాటిల్, అంటే లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) పీడనం అంతకంటే బాగా తగ్గి, మంచి స్థితిలో ఉన్న ఇంజిన్‌లో ముల్లు సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) వద్ద నిలకడగా ఉంటుంది. ఎత్తైన ప్రదేశాల్లో ప్రతి వెయ్యి అడుగులకు ఇంచుమించు ఒక అంగుళం తగ్గడం సహజం. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా ముల్లు కదలకుండానే తక్కువ చూపిస్తుంటే, పగిలిన హోస్ నుంచో గాస్కెట్ నుంచో గాలి చొరబడుతోందని, లేదా టైమింగ్ వెనుకబడిందని అనుమానించాలి. ఒకే లయలో మాటిమాటికీ జారి లేస్తుంటే ఏదో ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. కుడి పక్కన బూస్ట్ మునుపటికన్నా తగ్గితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) పైపుల్లో లీకు కోసం వెతకండి. పెరిగితే వేస్ట్‌గేట్ గొట్టం ఊడిందేమో చూడండి, అంతవరకు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కవద్దు. ఇవన్నీ పోల్చి చూడటానికి, ఇంజిన్ బాగున్నప్పటి అంకెలను రాసి ఉంచుకోవాలి.

గొట్టాన్ని థ్రాటిల్ దాటిన తరువాత, నేరుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు కలపండి. వేస్ట్‌గేట్ గొట్టానికి టీ జాయింట్ వేస్తే, అక్కడ లీకైన రోజున వేస్ట్‌గేట్‌కు ఒత్తిడి సరిగా అందక బూస్ట్ హద్దు దాటుతుంది. ఇంధన పీడన రెగ్యులేటర్ గొట్టం దగ్గరా ఇలాంటి ప్రమాదమే ఉంది. బ్రేక్ బూస్టర్ గొట్టం జోలికి అసలే వెళ్లవద్దు.

ఇక రకం సంగతి. మెకానికల్ గేజ్ పనిచేసేది 1849లో యూజీన్ బోర్డన్ పేటెంట్ పొందిన వంపు గొట్టం సూత్రంపైనే. దానికి సెన్సర్ అక్కర్లేదు, కానీ మానిఫోల్డ్ గొట్టం కారు లోపలికి రావాలి. ఎలక్ట్రానిక్ రకంలో సెన్సర్ ఇంజిన్ పక్కనే ఉండి, వైరు మాత్రమే లోపలికి వస్తుంది. సొంతంగా మరమ్మతులు చేసుకునేవారికి నేను మొదటిదే సూచిస్తాను.

ప్రశ్న: మా పాత డీజిల్ కారులో బిగించిన గేజ్ ఐడ్లింగ్‌లో సున్నా వద్దే ఉంటోంది. పాడైందా?

జవాబు: లేదు. పాత డీజిల్ ఇంజిన్లలో సాధారణంగా గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు. వేగాన్ని ఇంధనం మోతాదుతోనే మారుస్తారు. అందువల్ల మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఏర్పడదు. మీకు సున్నా నుంచి మొదలయ్యే డయల్ సరిపోతుంది.