హుండీలో వేస్తే తీరే బాకీ కాదు

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మండీలో తూకం చీటీల మీద తరుగు ఎక్కువ రాసి, ఆ తేడా సొమ్ము జేబులో వేసుకున్నావు. యజమాని పట్టుకుని పనిలోంచి నిలిపేశాడు. వారం తిరగకుండానే పాపకు జ్వరం. దేవుడు పగబట్టాడా అని అడిగావు. ఆ సొమ్ము తిరుమల హుండీలో వేసి, కాలినడకన కొండెక్కితే లెక్క సరిపోతుందా అనీ అడిగావు.

రెండోది తేలిక కాబట్టి ముందు అదే చెబుతాను. సరిపోదు. ఆ డబ్బు కాయలు తోలుకొచ్చిన రైతులది. మన స్వామిని వడ్డికాసులవాడు అంటాం. పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని కదా కథ! అలాంటివాడికి పరాయి సొమ్ము తీసుకెళ్లి ఇస్తే మురిసిపోతాడా? అలిపిరి నుంచి 3,550 మెట్లూ మోకాళ్ల మీద ఎక్కినా రైతు చీటీలో తూకం మారదు.

ఇక పాప జ్వరం. దాన్ని నీ తప్పుకు ముడిపెట్టకు. తండ్రి చేసినదానికి పసిబిడ్డ ఒళ్లు కాల్చే దేవుడైతే అతనికి మొక్కడం దేనికి? డాక్టరుకు చూపించు.

కాణిపాకంలో ప్రమాణం చేస్తానని యజమాని దగ్గర బింకంగా అన్నావట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. అక్కడి బాహుదా నది కథ తెలిసినవాడు అలా అనడు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. మహాభారతం శాంతిపర్వంలో ఉన్నారు. అన్న ఆశ్రమంలో తమ్ముడు అడగకుండా పండ్లు కోసుకు తిన్నాడు. మనవాళ్లు మామిడిపండు అంటారు, చిత్తూరు వైపు ఇంకే పండు అంటారు! రాజు దగ్గరికి వెళ్లి చెప్పుకొని శిక్ష తీసుకోమన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు వదిలేస్తానన్నా లిఖితుడు ఒప్పుకోలేదు. చేతులు తెగాయి. తరువాత బాహుదలో మునిగి తర్పణం వదలబోతే మళ్లీ మొలిచాయి. ఆ అన్న ఎంత కఠినుడో అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. తెగిన చేతులతో వచ్చిన తమ్ముణ్ణి ఆ నదికి పంపింది కూడా అతడేనని చాలా ఆలస్యంగా గమనించాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఇరవై ఆరేళ్ల వయసులో నేనూ గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినవాణ్ణే. మా యజమాని నన్ను గుమాస్తా బల్ల దగ్గరినుంచి లేపి, ఆ సీజను అంతా కాటా దగ్గర గంపలు మోయించాడు. తెలిసిన రైతులంతా చూసేవారు. సిగ్గుతో తల ఎత్తేవాణ్ణి కాదు. మధ్యాహ్నం మాత్రం ఆయన తన క్యారియర్ తెరిచి, సంగటి ముద్ద సగానికి తుంచి, వేరుశనగ పచ్చడితో నా ముందు పెట్టేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. జీతంలోంచి కోత మాత్రం ఒక్క నెలా ఆపలేదు. దేవుడి న్యాయం, దేవుడి దయ అని పెద్దలు విడివిడిగా చెబుతుంటే నాకు ఆ సగం ముద్దే కళ్లముందు ఆడుతుంది.

కాబట్టి ఈ రాత్రే నీ భార్యకు చెప్పు. వేరెవరి నోటివెంటో వినడం కన్నా అది నయం. సోమవారం ట్రాక్టర్లు రాకముందే మండీకి వెళ్లు. సిఫారసుకు ఎవరినీ వెంట తీసుకెళ్లకు, నన్నుకూడా. పాప జ్వరం, ఇంటి అద్దె ఎత్తకు. ముందు లెక్క చెప్పు, తరువాత ఆయన ఏమన్నా నిలబడి విను. పోలీసుల దాకా వెళ్తానన్నా అది ఆయన హక్కే, బతిమాలకు. పనిలోకి తిరిగి తీసుకోకపోవచ్చు కూడా. తక్కువపడిన డబ్బు నేను సర్దుతాను, ఊరికే కాదు, నెలనెలా తీర్చాలి. కొండకు తరువాత ఇద్దరం కలిసి నడిచి వెళ్దాం.

ఏ రైతుకు ఎంత బాకీ పడ్డావో, చీటీ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసుకో. పెన్సిలుతో వద్దు, పెన్నుతో రాయి.

మీ మామయ్య