నెత్తురు ఎవరిది?

చిరంజీవికి,

నీ కవితలు పద్నాలుగూ చదివాను. ఆ కోపం అరువు తెచ్చుకున్నది కాదు, అది తెలుస్తూనే ఉంది. కానీ ‘లేవండి’, ‘తెగించండి’, ‘కదలండి’ అని ముప్పైసార్లకు పైగా అన్నావు. ‘నేను’ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ తన మీద తానే చెప్పుకున్న కథ ఒకటుంది. యౌవనంలో ఆయన బృందం పల్లె రైతుల ముందు నాటకం వేసింది. భూమి కోసం నెత్తురు ధారపోద్దామని నటులు తుపాకులెత్తి పాడారు. ఆట ముగిశాక వర్జీలియో అనే రైతు కన్నీళ్లతో వచ్చాడు. భూస్వామి మనుషులు మావాడి పొలం ఆక్రమించారు, మీ తుపాకులతో రండి, వెళ్దాం అన్నాడు. అవి ఉత్తుత్తివని వీళ్లు నసిగారు. పరవాలేదు, అసలైనవి మా దగ్గర ఉన్నాయి, మీరు వస్తే చాలన్నాడు. ఎవరూ కదల్లేదు. ఇంతసేపూ వీళ్లు పాడింది నటుల నెత్తురు గురించి కాదు, రైతుల నెత్తురు గురించేనని వర్జీలియోకు అప్పుడు అర్థమైంది.

ఆ సిగ్గు బోవాల్‌ను వదల్లేదు. తర్వాతి కాలంలో ఆయన నాటకాన్ని చిక్కుముడి దగ్గరే ఆపి, ప్రేక్షకులనే వేదిక ఎక్కించి, నువ్వైతే ఏం చేస్తావో చేసి చూపించమన్నాడు. 1993లో రియో నగర మండలి సభ్యుడయ్యాక, అలా జనం ఆడిన నాటకాల నుంచే పదమూడు చట్టాలు వచ్చాయి.

నిన్ను తుపాకి పట్టమనడం లేదు. నాకూ చేతకాదు.

ఇంకొకటి. 1982లో జర్మనీలోని కాసెల్ నగరంలో శిల్పి జోసెఫ్ బాయిస్ మ్యూజియం ముందు 7,000 నల్లరాళ్లు కుప్ప పోయించాడు. ఒక మొక్క నాటితేనే ఒక రాయి కదులుతుంది, దాని పక్కన నిలుస్తుంది. కుప్ప తరగాలంటే ఎవరో ఒకరు గుంత తవ్వక తప్పదు. ఆయన 1986లో పోయాడు, చివరి మొక్కను మరుసటి ఏడు కొడుకు నాటాడు. పర్యావరణం గురించి ఉపన్యాసం లేదు, ఆ షరతే కళ. నీ కవితల్లో అలాంటి షరతు కోసం వెతికాను.

తొమ్మిదో కవితలో దొరికేలా ఉంది. అందులో కుట్టుపని చేసే స్త్రీ రెండు పాదాలకే మాయమై, ఆమె చోటులో ‘శ్రామికవర్గం’ వచ్చి కూర్చుంది. ఆమెను వెనక్కి పిలువు. సూది విరిగితే డబ్బు ఎవరి కూలిలో కోస్తారో కనుక్కో. కవిత ఆమెకు చదివి వినిపించు. నవ్వితే, ఏ పాదం దగ్గర నవ్విందో గుర్తు పెట్టుకో.

ఆమె దిద్దిన ప్రతి నాకు పంపు. మిగతా పదమూడింటి సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమిత్రుడు