ఒకే ఫోను, ఒకే సిమ్, ప్రపంచమంతా సిగ్నల్: అందరికీ అందే ధరలో ఎప్పటికి?

మీరు అడిగింది ఇది: "ఉపగ్రహం నుంచి నేరుగా మామూలు ఫోనుకే సిగ్నల్ వస్తోందంటున్నారు. ఇక టవర్లతో, రోమింగ్‌తో పనిలేకుండా భూమ్మీద ఎక్కడున్నా తక్కువ ఖర్చుతో ఫోను పనిచేసే రోజు దగ్గర్లో ఉందా?"

సిగ్నల్ మాటకొస్తే, ఉంది. మెసేజ్ వరకు కొన్ని దేశాల్లో వచ్చేసింది కూడా. ధర దగ్గరే చిక్కు. దాన్ని తేల్చేవి ఆకాశంలో కంటే నేలమీదే ఎక్కువ: కంపెనీల మధ్య ఒప్పందాలు, ప్రభుత్వాల అనుమతులు, ఫోన్లో ఉన్న బ్యాండ్లు (అంటే ఫోను పట్టగలిగే ఫ్రీక్వెన్సీలు), ఊళ్ళో కరెంటు. టవర్లతో పని తీరిపోతుందన్న మాట మాత్రం నమ్మకండి.

ఇంతకుముందు ఒకసారి ఇదే కల కని ఎంత పోగొట్టుకున్నారో చూడాలి. 1998 నవంబర్ 1న ఇరిడియం అనే ఉపగ్రహ ఫోను సేవ మొదలైంది. వెనకున్నది మోటరోలా. 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు, ఖర్చు దాదాపు 500 కోట్ల డాలర్లు. తొలి కాల్ చేసింది అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్. అవతల ఎత్తింది గ్రాహం బెల్ మునిమనవడు గిల్బర్ట్ గ్రోస్‌వెనర్. టెక్నాలజీని వంక పెట్టడానికి లేదు. నేలకి దిగకుండా ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికే కాల్ అందించుకునే ఏర్పాటు అప్పుడే చేశారు. కానీ చేతిలో ఫోను దాదాపు అరకిలో బరువు, లావుపాటి యాంటెన్నా పైకి ఎత్తి పట్టుకోవాలి, నెత్తిమీద ఆకాశం కనబడాలి. గదిలోకి వెళ్తే లేదు, కారెక్కితే లేదు. ఫోను 3,000 డాలర్లు, కాల్ నిమిషానికి 3 నుంచి 8 డాలర్లు. అంత పెట్టగలిగే వ్యాపారస్తుడు రోజంతా ఉండేది హోటల్ గదిలో, ఆఫీసులో, కారులో. నడిసముద్రంలోనో కొండమీదో దాని అవసరం నిజంగా ఉన్నవాడి దగ్గర ఆ డబ్బు లేదు. ఈలోగా మామూలు సెల్‌ఫోన్ల జీఎస్ఎం పద్ధతిలో రోమింగ్ ఊరూరా పాకింది. 1999 ఆగస్టు 13న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2000 చివర్లో ఆస్తులన్నీ దాదాపు రెండున్నర కోట్ల డాలర్లకు చేతులు మారాయి. ఆ వెంటనే అమెరికా రక్షణ శాఖ రెండేళ్ళకి 7.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇవ్వబట్టి ఉపగ్రహాలు బతికాయి. మన దేశంలో మోటరోలా మీద ఇరిడియం ఇండియా పెట్టిన మోసం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది; కంపెనీని కూడా మోసం నేరం కింద విచారించవచ్చని 2010లో కోర్టు తేల్చింది.

ఒకటి గమనించండి. పెట్టుబడి అంతా మునిగిపోయి, కొన్నవాడికి ఉపగ్రహాలు కారుచౌకగా దొరికాయి. అయినా ఇరిడియం నిమిషం ధర నేటికీ డాలర్ చుట్టుపక్కలే ఉంది. కాబట్టి రాకెట్ ప్రయోగాలు చౌకవుతున్నాయి, కాల్ కూడా చౌకవుతుంది అని ఎవరైనా అంటే ఆ లెక్క నిలవదు.

అసలు ఇబ్బంది మన ఫోన్లోనే ఉంది. మామూలు 4జీ ఫోను గాలిలోకి పంపగలిగేది ఎక్కువలో ఎక్కువ 0.2 వాట్. టవర్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే అది చాలు. ఇలాన్ మస్క్ కంపెనీ స్పేస్‌ఎక్స్ నడిపే ఉపగ్రహ సేవ స్టార్‌లింక్. అది మామూలు ఫోన్ల కోసం పంపిన ఉపగ్రహాలు దాదాపు 360 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్నాయి. దూరం 180 రెట్లు, అంటే చేరే సిగ్నల్ 180ని 180తో గుణించినన్ని రెట్లు, సుమారు 32 వేల రెట్లు బలహీనం. అదీ ఉపగ్రహం సరిగ్గా నెత్తిమీద ఉన్నప్పటి లెక్క. పక్కకి వాలితే దూరం ఇంకా పెరుగుతుంది. పైన స్లాబు, చుట్టూ గోడలు ఉంటే మరో పది నుంచి వంద రెట్లు పోతుంది. ఇంట్లోకి రాదన్నది అందుకే, ఎవరి అసమర్థతా కాదు.

దూరంతోనే అయిపోలేదు. ఉపగ్రహం సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. రెండు గిగాహెర్ట్జ్ దగ్గర ఆ వేగానికి ఫ్రీక్వెన్సీ యాభై కిలోహెర్ట్జ్ దాకా జరిగిపోతుంది. 4జీలో డేటాని మోసే సన్నటి పాయల (సబ్‌క్యారియర్ల) మధ్య ఎడం 15 కిలోహెర్ట్జే. టవర్ వంద కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండదన్న లెక్కతో 4జీ టైమింగ్ తయారైంది. పాత ఫోనుకి ఈ రెండూ సరిచేసుకోవడం రాదు కనుక ఉపగ్రహమే ఆ జరుగుడును, ఆలస్యాన్ని ముందే సవరించి, తానొక మామూలు టవర్‌నన్నట్టు ఫోనుకి కనబడాలి. దాని కోసం పెద్ద యాంటెన్నా, దండిగా కంప్యూటింగ్ కావాలి.

ఎంత పెద్దదంటే, మన శ్రీహరికోట నుంచే 2025 డిసెంబర్ 24న ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ మోసుకెళ్ళిన బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని చూడండి. ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ అనే అమెరికా కంపెనీది. బరువు సుమారు 6,100 కిలోలు, విప్పుకుంటే యాంటెన్నా 223 చదరపు మీటర్లు, అంటే 2,400 చదరపు అడుగులు. రెండు డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లు పక్కపక్కన పరిచినంత. ఈ కంపెనీ 2022లో పంపిన పరీక్ష ఉపగ్రహానిది 64 చదరపు మీటర్లే. ఆ చిన్నదానితోనే 2023 ఏప్రిల్‌లో టెక్సస్ నుంచి ఏ మార్పూ లేని మామూలు ఫోనుతో జపాన్‌కి మాట్లాడారు. కాబట్టి పని చేస్తుందా అన్న సందేహం అక్కర్లేదు.

ఎంతమందికి చేస్తుందన్నదే ప్రశ్న. ఉపగ్రహం కిందికి వేసే ఒక్కో బీమ్ నేలమీద పదుల కిలోమీటర్ల వెడల్పున పడుతుంది. 2022 ఆగస్టులో అమెరికా మొబైల్ కంపెనీ టీ-మొబైల్‌తో కలిసి ఈ పథకం ప్రకటించినప్పుడు ఇలాన్ మస్క్ చెప్పిన అంకె ఒక్కో జోన్‌కి 2 నుంచి 4 మెగాబిట్లు. మంచి క్వాలిటీ వీడియో ఒక్కరు చూస్తే అదంతా అయిపోతుంది. మెసేజ్‌లయితే లక్షల్లో పోతాయి, కాల్స్ కొన్ని వందలో వెయ్యో. తర్వాతి తరం ఉపగ్రహాలతో ఇది పెరుగుతుంది. అందుకోసమే 2025 సెప్టెంబర్‌లో స్పేస్‌ఎక్స్ ఎకోస్టార్ అనే కంపెనీ దగ్గర 1,700 కోట్ల డాలర్లకు స్పెక్ట్రమ్ (ఫ్రీక్వెన్సీల హక్కు) కొనడానికి ఒప్పందం చేసుకుంది. కాకపోతే ఆ కొత్త స్పెక్ట్రమ్ పట్టాలంటే ఫోన్లో కొత్త చిప్ ఉండాలి. "మీ పాత ఫోనే చాలు" అన్న మాట మెసేజ్ దాటి ముందుకెళ్ళే కొద్దీ సన్నబడుతుంది.

ఇక ధర. అమెరికాలో 2025 జులై నుంచి టీ-మొబైల్ ఈ సేవని నెలకి 10 డాలర్లకి ఇస్తోంది, ఖరీదైన ప్లాన్లలో కలిపేసింది. మన రూపాయల్లో ఎనిమిది వందల పైమాటే. మూడు వందల చుట్టూ ఉండే 28 రోజుల రీచార్జ్‌కే ఆలోచించే కూలిమనిషి దానికి అదనంగా ఇంత పెడతాడా? అది కూడా ఆరుబయట మెసేజ్ కోసం. ఈ సేవ ఉండాలి, ప్రాణాపాయంలో దానికి వెల కట్టలేం. రోజువారీ ఫోనుగా మాత్రం పనికి రాదు.

చౌకగా ఊరంతటికీ కావాలంటే ఉపగ్రహం టవర్‌కి ఇవ్వాలి, టవర్ ఫోనుకి ఇవ్వాలి. నా గట్టి అభిప్రాయం ఇదే. టవర్ కింద బిగించిన డిష్‌కి కరెంటుంటుంది, ఆకాశం కనబడుతుంది, వందల మెగాబిట్లు లాగగలదు. అక్కణ్ణుంచి ఊళ్ళో ఏ పాత ఫోనైనా ఇంట్లో కూర్చుని వాడుకోవచ్చు. పాత పద్ధతిలో 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం నుంచి టవర్‌కి లింకు ఇస్తే, మనం అడిగిన మాటకి జవాబు రావడానికే అర సెకను పట్టి, ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. 1,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వన్‌వెబ్ లాంటివాటితో ఆ బాధ లేదు. వన్‌వెబ్ ఉపగ్రహాల్లో 72 మన దగ్గర 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో శ్రీహరికోట నుంచే వెళ్ళాయి.

ఆ టవర్ నిలబడాలంటే కరెంటు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఏజెన్సీలో ఒక చిన్న 4జీ సైటు 1.2 కిలోవాట్ లాగుతుందనుకోండి. 48 వోల్టుల మీద 25 ఆంపియర్లు. రోజుకి ఎనిమిది గంటలు కరెంటు పోతే 200 ఆంపియర్-అవర్. బ్యాటరీని 80 శాతానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 250 పెట్టాలి. లెడ్ బ్యాటరీలు పెట్టి ఎండకి వదిలేస్తే, వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా వాటి ఆయుష్షు సగమవుతుంది. రెండు వేసవులు దాటేసరికి ఎనిమిది గంటల బ్యాకప్ గంటకి దిగుతుంది. అప్పుడు జనరేటర్. అంత చిన్న లోడుకి పెద్ద జనరేటర్ నడిపితే గంటకి రెండు లీటర్ల దాకా తాగుతుంది. ఎనిమిది గంటలకి 16 లీటర్లు, లీటరు వంద రూపాయల లెక్కన నెలకి 48 వేలు. ఊళ్ళో 400 ఫోన్లుండి తలా 200 రీచార్జ్ చేస్తే వచ్చేది 80 వేలు. సగానికి పైగా డీజిల్‌కే పోతే ఏ కంపెనీ వస్తుంది? సోలార్ పెడితే రోజుకి 29 యూనిట్లకి ఏడు కిలోవాట్ల ప్యానెళ్ళు కావాలి, రాత్రికి 500 ఆంపియర్-అవర్ బ్యాటరీ కావాలి. వానాకాలంలో కొండల్లో వారం రోజులు మబ్బు పడితే అదీ చాలదు, చిన్న జనరేటర్ ఉండాల్సిందే. టవర్ ప్రారంభోత్సవానికి రిబ్బన్ కత్తిరించిన వాళ్ళు, రెండేళ్ళ తర్వాత బ్యాటరీ మార్చే డబ్బు ఎవరిస్తారో టెండర్లోనే రాసుంటే సగం ఊళ్ళలో సిగ్నల్ నిలబడేది.

డబ్బు లేదనడానికీ లేదు. టెలికం కంపెనీల ఆదాయంలో 5 శాతం, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్న ఖాతాకి పోతుంది. 2022 జులైలో కేంద్రం 24,680 గ్రామాలకి 4జీ కోసం 26,316 కోట్లు మంజూరు చేసింది. ఆ నిధితో కట్టిన టవర్లని బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో సిమ్‌లలో ఏది ఉన్నవాళ్ళయినా వాడుకునే పద్ధతి 2025 జనవరిలో మొదలైంది. అలాంటి ఊళ్ళో మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో పెట్టి, ఒకసారి ఏరోప్లేన్ మోడ్ వేసి తీయండి. ఎప్పుడో చేత్తో ఒక కంపెనీని ఎంచుకుని వదిలేసిన ఫోన్లే పక్క టవర్‌ని పట్టవు.

దేశం దాటితే రోమింగ్. ఇది చౌకయిన చోట టెక్నాలజీ వల్ల కాలేదు, చట్టం వల్ల అయింది. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి పక్క దేశంలోనూ సొంత దేశపు రేటే. దాని కింద కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే టోకు ధరకి పరిమితి పెట్టారు: 2017లో జీబీకి 7.70 యూరోలు, 2025లో 1.30. టవర్లు అవే, ఫోన్లు అవే. ఇలాంటి ఒప్పందం మనకీ గల్ఫ్ దేశాలకీ మధ్య ఉంటే జగిత్యాల, కడప, కోనసీమ నుంచి వెళ్ళిన లక్షల మందికి ఏ ఉపగ్రహమూ చేయలేని మేలు జరిగేది. అక్కడ డేటా ఉన్నా యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు, ప్రభుత్వమే ఆపింది. సిగ్నల్ నిండా ఉండి ఇంటికి మాట్లాడలేకపోవడానికి ఏ ఉపగ్రహం మందు?

ఫోను సంగతి కూడా చూసుకోండి. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022తో 3జీ ఆపేశాయి, ఆస్ట్రేలియాలో 2024 అక్టోబర్‌తో పోయింది. అక్కడ కాల్ పోవాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే మాట్లాడే పద్ధతి, పనిచేయాలి. ఫోన్లో వోల్టీ ఉన్నా, ఆ దేశపు కంపెనీ సెట్టింగులు అందులో లేకపోతే డేటా వస్తుంది, కాల్ పోదు. అత్యవసర నంబర్‌కి వోల్టీలో కాల్ చేయలేని ఫోన్లని ఆస్ట్రేలియాలో నెట్‌వర్క్‌లోకే రానివ్వరు. అమెరికా వెళ్ళేవాళ్ళు ఫోను బాక్సు మీదో కంపెనీ సైట్‌లోనో 2, 4, 5, 12, 13, 66, 71 బ్యాండ్లున్నాయేమో చూడాలి. ఊరవతల సిగ్నల్ దూరం పోయేది 5, 12, 13, 71 మీదే. మన సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేసి ఓటీపీల కోసం ఉంచుకుని, డేటాకి ఆ దేశపు ఈ-సిమ్ వేసుకోవడం ప్రస్తుతానికి చౌకైన దారి.

మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్ఎంఏ లెక్కల్లో ఇప్పుడు మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అందనివాళ్ళు ప్రపంచ జనాభాలో 4 శాతం, 30 కోట్ల చిల్లర. సిగ్నల్ ఉండి కూడా వాడనివాళ్ళు 300 కోట్ల పైన. ఫోను కొనలేక, కొన్నా రీచార్జ్ చేయలేక, చదవడం రాక. మీ ప్రశ్నలో "అందే ధర" అన్న మాట ఈ రెండో గుంపుది, ఉపగ్రహాలు తీర్చేది మొదటి గుంపు కష్టం.

చివరగా ఒక జాగ్రత్త. గల్ఫ్‌లో దొరుకుతున్నాయి కదా అని తురాయా, ఇరిడియం ఉపగ్రహ ఫోన్లు కొని ఇండియాకి తేకండి. టెలికం శాఖ అనుమతి లేకుండా అవి ఇక్కడ నిషేధం. ఉపగ్రహ మెసేజ్ పంపే ట్రెక్కింగ్ పరికరాలతో దిగిన విదేశీయుల్ని కూడా ఎయిర్‌పోర్టుల్లో పట్టుకున్నారు. నిజంగా అవసరమైనవాళ్ళకి బీఎస్ఎన్ఎల్ ద్వారా ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహ ఫోను దొరుకుతుంది, దానికీ అనుమతులు ఉన్నాయి. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి వచ్చిన లైసెన్స్ చూసి జేబులో ఫోనుకి ఉపగ్రహ సిగ్నల్ వచ్చేస్తుందనుకోకండి, ఆ కంపెనీ ఇక్కడ ఇవ్వబోయేది ఇంటిమీద డిష్ పెట్టుకుని వాడుకునే ఇంటర్నెట్.