మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) జపాన్‌లో చెక్క అచ్చులతో కాగితంపై ముద్రించిన బొమ్మల్లో రైళ్లు, పాశ్చాత్య కోటు దుస్తులు, పార్లమెంటు ఎందుకు కనిపిస్తాయి?

ఆ రోజుల్లో సామాన్యులు చవకగా కొనుక్కోగలిగిన వార్తాచిత్రాలు ఇవే కాబట్టి. అంతకుముందు, 1868 దాకా సాగిన తోకుగావా షోగన్ల (సైనిక పాలకుల) పాలనలో సమకాలీన రాజకీయాలను బొమ్మలుగా వేయడం నిషిద్ధం. 1859లో యోకోహామా రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకున్నాక తెల్లవాళ్ల ఓడలు, దుస్తులు, విందులు చూపే బొమ్మలు వెల్లువెత్తాయి. వీటిని యోకోహామా-ఎ అంటారు. సదాహిదే లాంటి చిత్రకారులు అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించి గీశారు. మరికొందరు మాత్రం పాశ్చాత్య పత్రికల్లోని బొమ్మలే ఆధారంగా చూడని నగరాలను ఊహించుకున్నారు.

1868 తర్వాత వచ్చినవి కైకా-ఎ, అంటే 'నాగరికత చిత్రాలు'. 1872లో మొదలైన షింబాషి-యోకోహామా రైలును మూడవ హిరోషిగే అనే చిత్రకారుడు పదేపదే గీశాడు. రైలు నడవకముందే ఊహించి గీసినవాళ్లూ ఉన్నారు!

రాజకీయంగా నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేవి చికనోబు అనే చిత్రకారుడు మూడు కాగితాలు పక్కపక్కన చేర్చి చేసిన చిత్రాలు. 1889 ఫిబ్రవరి 11న రాజ్యాంగ ప్రకటన జరిగింది. ఆ వేడుక బొమ్మల్లో చక్రవర్తి ఐరోపా తరహా సైనిక దుస్తుల్లో అందరి ముందూ కనిపిస్తాడు. తోకుగావా కాలంలో చక్రవర్తి రూపం సామాన్య ప్రజల కంటపడేదే కాదు. అందుకే ఆ బొమ్మ కేవలం అలంకారం కాదు, కొత్త రాజ్యం తనను తాను చూపించుకున్న తీరు.

రంగులను కూడా గమనించండి. కళ్లు చెదిరే ఆ ఎరుపు, ఊదా రంగుల్లో చాలావరకు ఐరోపా నుంచి దిగుమతైన రసాయన రంగులు. చెక్కే పని మాత్రం పాతదే: చెర్రీ పలక, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, చేత్తో రుద్ది ముద్రించడం.