రెండో కార్డు కొనే ముందు రెండో స్లాట్‌లోకి టార్చి వేయండి

ప్రశ్న: నా సిస్టంలో రైజెన్ 3 3200జీ ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కు ఒకటి, ఆర్‌ఎక్స్ 570 4 జీబీ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నాయి. కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. అలాంటి కార్డే ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. బోర్డు మీద రెండో పెద్ద స్లాట్ ఖాళీగానే ఉంది. ప్రాసెసర్ మార్చకుండా రెండూ క్రాస్‌ఫైర్‌లో (రెండు ఏఎండీ కార్డులను జోడించి నడిపే పద్ధతి) పెడితే వేగం రెట్టింపవుతుందా అండీ?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: అవదు. ఆ డబ్బు దాచుకోండి.

ముందు ఆ ఖాళీ స్లాట్‌లోకి టార్చి వేసి చూడండి. బీ450 బోర్డుల్లో చాలావాటికి రెండో స్లాట్ పైకి పొడుగ్గానే ఉంటుంది గాని, లోపలి పిన్నులు కొంత దూరం వెళ్లి ఆగిపోతాయి. అక్కడ వచ్చేవి నాలుగు లేన్లే (డేటా నడిచే దారులు). అవీ చిప్‌సెట్ మీదుగా, పీసీఐఈ 2.0 వేగంతో, అంటే సెకనుకు దాదాపు 2 జీబీ. పై స్లాట్‌కైనా మీ 3200జీ ఇచ్చేది ఎనిమిది లేన్లే. ఆర్‌ఎక్స్ 570 కార్డులకు మధ్యలో బ్రిడ్జి ఉండదు, ఫ్రేములు ఈ స్లాట్ల గుండానే అటూ ఇటూ పోవాలి. ఇరుకు అక్కడే మొదలవుతుంది.

దారి సంగతి అలా ఉంచితే, అసలు తంటా ప్రాసెసర్‌తో. క్రాస్‌ఫైర్‌లో ఒక ఫ్రేము ఒక కార్డు, తర్వాతి ఫ్రేము రెండో కార్డు గీస్తాయి. ఏ ఫ్రేములో ఏమేం గీయాలో సిద్ధం చేసి ఇచ్చేది మాత్రం ప్రాసెసరే. మీదానికి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. వండేవాడు ఒక్కడే అయితే వడ్డనకు ఇంకొకణ్ణి పెట్టినంత మాత్రాన బంతి తొందరగా లేవదు కదా! పైగా రెండు కార్డులను జోడించి నడిపే డ్రైవర్ పని కూడా దాని నెత్తినే పడుతుంది. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకె కాస్త పెరిగినా ఫ్రేముల మధ్య వ్యవధి సమంగా ఉండదు, కంటికి కుదుపుగానే కనిపిస్తుంది.

ఇంతా చేసి గేము ఒప్పుకోవాలి. గేములు కార్డుతో మాట్లాడే డైరెక్ట్‌ఎక్స్ 12లో రెండు కార్డులను వాడుకునే ఏర్పాటు గేము తయారీదారులే రాసుకోవాలి, రాసేవాళ్లు అరుదు. ఏఎండీ 2019 నాటి ఆర్‌ఎక్స్ 5000 కార్డుల నుంచి క్రాస్‌ఫైర్ వదిలేసింది. ఎన్‌విడియా కూడా రెండు కార్డులను కలిపే తన పద్ధతి ఎస్‌ఎల్‌ఐకి 2021 జనవరి 1 నుంచి కొత్త గేముల ప్రొఫైళ్లు ఆపేసింది.

కరెంటు లెక్క కూడా చూడండి. కార్డుకు 150 చొప్పున 300, ప్రాసెసర్‌కు 65, బోర్డు, డిస్కు, ఫ్యాన్లకు ఒక 50. మొత్తం 415 వాట్లు. కార్డులు క్షణకాలం ఇంతకు మించి లాగుతాయి, అప్పుడు తెర నల్లబడి సిస్టం రీస్టార్ట్ అవుతుంది. రోహిణి ఎండల్లో అయితే కింది కార్డు వేడిగాలే పై కార్డు పీల్చుకుంటుంది.

ఇప్పుడు ఏది వెనకబడుతోందో కొలవండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, నాలుగు కోర్ల వాడకం విడివిడిగా తెర మీద కనపడేలా పెట్టండి. మొత్తం సీపీయూ శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఎఫ్‌పీఎస్ పరిమితి తీసేసి, గేములో రద్దీగా ఉన్న చోట పదిహేను నిమిషాలు ఆడండి. జీపీయూ వాడకం 95 శాతం దాటి ఉంటే కార్డే చాలడం లేదు. జీపీయూ 60, 70 దగ్గర ఆడుతూ కోర్లు నిండిపోతే ప్రాసెసర్ చాలడం లేదు. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

ముందు ఇంకో 8 జీబీ స్టిక్కు వేయండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ పక్క నుంచి రెండోది, నాలుగోది. తర్వాత అదే బోర్డు మీద రైజెన్ 5 5600, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు అది పనిచేసే బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఏదో చూసి, పాత ప్రాసెసర్ ఉండగానే, యూపీఎస్ మీద పెట్టి అప్‌డేట్ చేయండి. పాతది తీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: చల్లగా ఉన్న కూలర్‌ను నిలువుగా లాగడం. పేస్టు గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు గేము ఆడి, ఆపి, ప్లగ్ పీకి, స్క్రూలు విప్పాక కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. కార్డు మార్చడం ఆ తర్వాత, అదీ ఒక్కటే. ఆర్‌ఎక్స్ 6600 అయితే 8 జీబీ, 132 వాట్లు.

ప్రశ్న: 4 జీబీ కార్డు, 8 జీబీ కార్డు కలిపితే 12 జీబీ అవుతుందా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: క్రాస్‌ఫైర్‌లో ఒకే సరుకు రెండు కార్డుల్లోనూ ఉండాలి. కాబట్టి మీకు పనికొచ్చేది 4 జీబీయే.

ప్రశ్న: గేము ఆడుతుండగా కరెంటు పోతే 600 వీఏ యూపీఎస్ ఉన్నా సిస్టం ఆగిపోతోంది. డెస్క్‌టాప్‌లో ఉంటే ఆగదు. బ్యాటరీ కొత్తదే.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఈ సైజువి సాధారణంగా 360 వాట్ల వరకే ఇస్తాయి, అందులో మానిటర్ కూడా ఉంది. డెస్క్‌టాప్‌లో లోడు తక్కువ గనక నెట్టుకొస్తోంది. స్పీకర్లు, రూటర్ దాన్నుంచి తీసి చూడండి. గేములో ఎఫ్‌పీఎస్‌కు 60 పరిమితి పెడితే కార్డు లాగేది తగ్గుతుంది. అప్పటికీ ఆగిపోతే మీ ఎస్‌ఎంపీఎస్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ అని ఉందేమో చూడండి. అలాంటి ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని, చౌక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లు మెట్ల తరంగానికి తట్టుకోవు. దానికి ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ కావాలి.