ఎయిత్‌కి వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

హైస్కూల్లో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు కూరగాయల బండి దగ్గరున్నాను. ఆ సంతోషంలో చిల్లర తీసుకోవడం మర్చిపోయి వచ్చేశా. తర్వాత ఇంకో మాట చెప్పింది. పాత బడి పిల్లలు నలుగురూ ఒకే సెక్షన్‌లో ఉండేలా చూడమని హెడ్‌మిస్‌ని అడగబోతున్నారట. వద్దే తల్లీ.

బూట్లు కాస్త పెద్ద సైజు కొనుక్కో. బస్సు పూర్తిగా ఆగాకే దిగు. మీ నాన్న సంగతి మాత్రం కాస్త నిదానంగా విను, వాడు చచ్చినా చెప్పడు.

వాడూ ఎనిమిదికి బెంగళూరులో మా వీధి బడి నుంచి ఇంకో నలుగురితో కలిసే వెళ్లాడు. ఒకే బెంచీ, ఒకే నీళ్ల సీసా, తెలుగు తప్ప ఇంకో మాట లేదు. పరీక్షల ముందు ఒకడికి ఆటలమ్మ పోసింది. రెండు వారాలకి మిగతా నలుగురికీ ఒక్కసారే! మొదటివాడు కోలుకుని బడికెళ్లాడు గానీ వాడి నోట్సే సగం ఖాళీ. ఇంకెవర్నైనా అడగరా అంటే, మీ నాన్న వేపాకుల మధ్య పడుకుని, "వెనక బెంచీలో ఒకడున్నాడక్కా, బాగా రాస్తాడు" అన్నాడు. పేరేంట్రా? తెలీదు. అన్ని నెలలూ 'కార్పొరేషన్ స్కూలోడు' అనే పిలిచారట. ఒంటినిండా పొక్కులున్నాయని ఊరుకున్నా గానీ, లేకపోతే రెండు తగిలించేదాన్ని. చివరికి క్లాస్ టీచర్‌ని అడ్రస్ అడిగి శ్రీరాంపురం వెళ్లాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. ఆ అబ్బాయి సైన్సు నోట్సు తెచ్చిచ్చి, మీ నాన్నకెలా ఉందని అడిగాడు, పేరు ఇనీషియల్‌తో సహా చెప్పి. నాకు తలెత్తబుద్ధి కాలేదు. రాత్రంతా కూచుని ఆ నోట్సు దించింది కూడా నేనే, మీ నాన్న కాదు.

నువ్వు ఫస్ట్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నావుగా. ఎస్సెస్సెల్సీలో, అంటే కర్ణాటక పదో తరగతి పరీక్షలో, ఫస్ట్ లాంగ్వేజ్‌కి 125 మార్కులు, మిగతావాటికి వందేసి. సంస్కృతంలో మార్కులు సులువుగా పడతాయని పేరు, అందుకే దానికి ఎగబడతారు. నాకైతే మార్కుల కంటే ఆ పీరియడే ముఖ్యం, వేరే సెక్షన్ల పిల్లలూ ఆ గదికే వస్తారు. అక్కడ తెలిసినవాళ్ల పక్కన కూచోకు. ఎన్‌సీసీలో చేరు, అక్కడ ఎత్తు ప్రకారం నిలబెడతారు, ఏ బడి నుంచి వచ్చావని ఎవరూ అడగరు.

కన్నడ మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదట్లో సైన్సు ఇంగ్లీషులో చదవలేక బిక్కమొహం వేస్తారు. నవ్వావో, ఊరుకోను. నీ కన్నడ వ్యాసం సంగతి నాకు తెలీదా? వాళ్లకి నువ్వు సైన్సు చెప్పు, నీకు వాళ్లు ఒత్తులు దిద్దుతారు.

పాతవాళ్లని వదిలెయ్యమనడం లేదే పిచ్చిదానా. శనివారాలు వాళ్లతోనే తిను. నువ్వు కొత్త చోట నోరు విప్పవని నాకు తెలుసు. మా ఇంటికొచ్చినా మొదటి పూట తలుపు చాటునేగా ఉంటావు. అందుకే ఇంత రాస్తున్నా.

మొదటి ఆదివారం ఫోన్ చెయ్. ముగ్గురు కొత్త పిల్లల పేర్లు, ఇనీషియళ్లతో సహా చెప్పాలి. లేకపోతే కొనిస్తానన్న వాచీ లేదు.

మీ అత్త